మొదటిది పెద్దాపరేషన్ అయితే రెండో కాన్పు ఎలా? తేదీ పెట్టుకుని సిజేరియనా, నార్మల్‌కి ప్రయత్నించడమా?

"మొదటిది ఆపరేషనేనా? అయితే ఇదీ ఆపరేషనే."

మూడో నెల చెకప్‌లో కార్డు రాస్తున్న సిస్టర్ తల ఎత్తకుండా అన్న మాట ఇది. నేనూ తలూపేశాను. ఇంటికొచ్చి చెప్తే అమ్మ కూడా "అంతే కదా మరి, ఒకసారి కోసిన కడుపు మళ్లీ నొప్పులు తట్టుకుంటుందా" అంది. అక్కడితో ఆ విషయం తేలిపోయిందనే అనుకున్నాం.

ఇంకో దారి ఉందని నాకు తెలిసింది మా వదిన వల్ల. తనకీ మొదటిది సిజేరియనే. నాకంటే ఐదు నెలల ముందు హైదరాబాద్‌లో రెండో కాన్పు నార్మల్ అయింది. అప్పుడు కానీ నేను కూర్చుని అడగడం, చదవడం మొదలుపెట్టలేదు. అన్నీ తూచుకుని చివరికి నేను 39 వారాలు నిండాక తేదీ పెట్టుకుని ఆపరేషనే చేయించుకున్నాను. దానికి నాకు ఇప్పటికీ ఏ బాధా లేదు. కానీ నాకు నేనుగా తేల్చుకోవడానికీ, తలూపేసి రావడానికీ చాలా తేడా ఉంది. ఒకే ఇంట్లో రెండు రకాలూ చూశాం కాబట్టి, ఎవరికి ఏది సరిపోతుందో ఎలా ఆలోచించాలో నాకు తెలిసినంత చెప్తాను. చివరి మాట మిమ్మల్ని చూసే డాక్టర్‌దే. ఆవిడని ఏం అడగాలో తెలిసి వెళ్లండి, చాలు.

ముందు పాత ఫైల్ బయటికి తీయండి

మా పాప పుట్టినప్పటి డిశ్చార్జ్ సమ్మరీ బీరువా మీద సూట్‌కేసులో, టీకాల కార్డుల అడుగున దొరికింది. మూడున్నరేళ్లుగా దాన్ని ఎవరూ చదవలేదు. మా ఇంట్లో అందరూ చెప్పుకునే కథ "ఉమ్మనీరు తాగేసింది, అందుకే కోశారు" అని. కాగితం మీద ఉన్నది వేరు. గర్భసంచి నోరు పూర్తిగా తెరుచుకున్నాక కూడా రెండు గంటల పాటు బిడ్డ తల కిందికి దిగలేదు, అందుకే ఆపరేషన్ అని రాసి ఉంది. వదిన కాగితంలో ఇంకోటి ఉంది: బిడ్డ ఎదురుకాళ్లతో ఉండటం.

ఈ రెండు కారణాల మధ్య తేడానే సగం నిర్ణయం. ఎదురుకాళ్లు ఆ ఒక్క బిడ్డకి సంబంధించిన సంగతి. ఈసారి తల కిందికే ఉంటే ఆ కారణం ఇక లేనట్టే. నాలాగా పూర్తిగా తెరుచుకున్నాక కూడా తల దిగక ఆగిపోయినవాళ్లకి మళ్లీ అలాగే జరిగే అవకాశం కొంచెం ఎక్కువ. మొత్తం మీద మొదటి సిజేరియన్ తర్వాత నార్మల్‌కి ప్రయత్నించిన వందమందిలో 60 నుంచి 80 మందికి నార్మల్ అవుతుంది. అంతకుముందో ఆ తర్వాతో ఒక్కసారైనా నార్మల్ కాన్పు అయిన వాళ్లలో అది 85, 90 దాకా వెళ్తుంది. మధుమేహం, బరువు ఎక్కువ ఉండటం, బిడ్డ పెద్దగా ఉండటం, నొప్పులు వాటంతట అవి రాకపోవడం ఈ లెక్కని తగ్గిస్తాయి.

అదే కాగితంలో చూడాల్సిన రెండో విషయం కోత ఎలా పెట్టారన్నది. ఎల్ఎస్‌సీఎస్ అని ఉంటే గర్భసంచి కింది భాగంలో కోసినట్టు. మామూలుగా ఆ కోత అడ్డంగా ఉంటుంది, అది గట్టిగా అతుక్కుంటుంది. పైనుంచి నిలువుగా కోసి ఉంటే నొప్పులు రానివ్వకూడదు, ఆ కుట్టు చిట్లే ప్రమాదం చాలా ఎక్కువ. చాలామంది పొట్ట మీద మచ్చ చూసి "నాది అడ్డకోతే" అనుకుంటారు. పైన చర్మం మీది కోత లోపలి కోత ఎటు ఉందో చెప్పదు. "ఒకసారి సిజేరియన్ అయితే ఎప్పటికీ సిజేరియనే" అనే మాట 1916లో న్యూయార్క్‌లో ఎడ్విన్ క్రేగిన్ అనే డాక్టర్ అన్నది. అప్పట్లో గర్భసంచిని నిలువుగానే కోసేవారు. కోత మారి దశాబ్దాలైంది, మాట మాత్రం మన కార్డుల మీదికి ఇంకా వస్తూనే ఉంది.

ఫైల్ దొరక్కపోతే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్లి కాపీ అడగండి. ఏడో నెల దాకా ఆగకండి.

కొందరికి ఈ ఆలోచన అవసరం లేదు

నిలువు కోత ఉన్నవాళ్లు, ఇంతకుముందు గర్భసంచి చిట్లినవాళ్లు, మాయ కిందికి వచ్చి దారికి అడ్డంగా ఉన్నవాళ్లు, బిడ్డ అడ్డం తిరిగి ఉన్నవాళ్లు ఆపరేషనే చేయించుకోవాలి. గడ్డలు తీయడానికి గర్భసంచిని లోతుగా కోసినవాళ్ల సంగతి కూడా చాలావరకు అంతే. రెండు సిజేరియన్లు అయినవాళ్లు మంచి అనుభవమున్న డాక్టర్‌తో విడిగా మాట్లాడాలి. కాన్పుకీ కాన్పుకీ మధ్య ఏడాదిన్నర కూడా లేకపోతే కుట్టు చిట్లే భయం పెరుగుతుంది కాబట్టి అదీ చెప్పాలి. "స్కానింగ్‌లో కుట్టు పల్చగా కనిపించింది" అని మనవైపు చాలామందికి చెప్తారు. ఇన్ని మిల్లీమీటర్లుంటే సురక్షితం, అంతకు తగ్గితే కాదు అని అందరూ ఒప్పుకున్న హద్దు ఏదీ లేదు. ఆ ఒక్క అంకె చూసి భయపడిపోకుండా, మిగతావన్నీ కలిపి డాక్టర్ ఏమంటున్నారో అడగండి.

నార్మల్‌కి ప్రయత్నిస్తే

వదినకి పధ్నాలుగు గంటలు నొప్పులు. బిడ్డ గుండె చూసే బెల్టు పొట్ట చుట్టూ కట్టే ఉంచారు, అందుకని గదంతా తిరగడానికి కుదరలేదు. కింద కుట్లు పడ్డాయి, పది రోజులు సరిగ్గా కూర్చోలేకపోయింది. అది కూడా చెప్పాలి, ఎందుకంటే నార్మల్ అంటే నొప్పి అప్పటికప్పుడే పోతుందని మనవాళ్లు అనుకుంటారు. కానీ మూడో రోజుకి ఇంట్లో ఉంది. పెద్దవాడిని ఎత్తుకుంది. నేను నా మూడో రోజు మంచం దిగి బాత్రూమ్ దాకా వెళ్లడానికి పక్కన ఒక మనిషిని పట్టుకున్నాను.

దీంట్లో ఉన్న పెద్ద భయం పాత కుట్టు దగ్గర గర్భసంచి చిట్లడం. నొప్పులు వాటంతట అవి వచ్చినవాళ్లలో సుమారు రెండువందల మందిలో ఒకరికి అలా అవుతుంది. తేదీ పెట్టుకుని ఆపరేషన్ చేయించుకుంటే అది పదివేలలో ఇద్దరి కంటే తక్కువ. రెండువందల్లో ఒకరు అంటే చిన్న మాటలాగే వినిపిస్తుంది. కానీ అది జరిగితే నిమిషాల్లో బిడ్డని బయటికి తీయాలి. అందుకే ఈ దారిలో అసలు ప్రశ్న మీ శరీరం గురించి ఎంత ఉంటుందో, ఆసుపత్రి గురించీ అంతే ఉంటుంది.

నేను మా ఊళ్లో డాక్టర్‌ని ఒకటే అడిగాను. "రాత్రి రెండింటికి అర్జెంటుగా ఆపరేషన్ కావాల్సి వస్తే మత్తు డాక్టర్ ఎక్కడుంటారు మేడమ్?" ఆవిడ దాచకుండా చెప్పారు: "ఫోన్ చేస్తే అరగంటలో వస్తారమ్మా." ఆ అరగంటే నా నిర్ణయం. వదిన వెళ్లిన చోట మత్తు డాక్టర్, పిల్లల డాక్టర్, రక్తం, ఆపరేషన్ థియేటర్ అన్నీ ఇరవైనాలుగు గంటలూ ఒకే కప్పు కింద ఉన్నాయి. అలాంటి ఆసుపత్రి దగ్గర్లో లేకుండా నార్మల్‌కి పట్టుబట్టడం నాకైతే సరైనది అనిపించదు, మీ ఛాన్స్ ఎంత బాగున్నా సరే.

నొప్పులు రాకపోతే ఏం చేస్తారన్నది కూడా ముందే అడగండి. నొప్పులు తెప్పించే మందులతో చిట్లే ప్రమాదం రెండుమూడు రెట్లు పెరుగుతుంది. వాటిలో మిసోప్రోస్టాల్ మాత్ర పాత సిజేరియన్ కుట్టు ఉన్నవాళ్లకి నెలలు నిండాక పెట్టకూడదు. సెలైన్‌లో ఆక్సిటోసిన్ అయితే జాగ్రత్తగా, కనిపెట్టుకుని ఉంటూ ఇస్తారు.

ఇంకొక మాట. ప్రయత్నించి, కుదరక, మధ్యలో ఆపరేషన్‌కి వెళ్లడం మూడు దారుల్లోనూ కష్టమైనది. ఇన్‌ఫెక్షన్, రక్తం పోవడం లాంటివి ముందే అనుకున్న ఆపరేషన్ కంటే అప్పుడు ఎక్కువ. నాకు మొదటిసారి జరిగింది అదే. నొప్పులూ పడి, కోతా పడి, జ్వరంతో వారం ఆసుపత్రిలో ఉన్నాను. మళ్లీ అదే జరిగే అవకాశం వదిన కంటే నాకు ఎక్కువ ఉందని తెలిశాక, నా మనసు ఎటు మొగ్గిందో దాచడం ఎందుకు.

తేదీ పెట్టుకుంటే

సుఖం ఏంటంటే రోజు తెలుస్తుంది. పగటిపూట, నిద్ర చాలిన డాక్టర్లు, రెండు సీసాల రక్తం సిద్ధంగా. పెద్ద పాపని ఎవరు చూసుకుంటారో వారం ముందే అనుకోవచ్చు. పోయినసారి ఉన్న టెన్షన్ లేదు. ఆ ప్రశాంతత చిన్న విషయం కాదు.

నష్టం ఏంటంటే లోపల అతుకులు. ఒకసారి కోసి మానిన చోట పేగులు, మూత్రసంచి, గర్భసంచి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ప్రతి ఆపరేషన్‌తో అవి పెరుగుతాయి, తర్వాతి ఆపరేషన్ ఇంకా కష్టమవుతుంది. అంతకంటే పెద్దది మాయ సంగతి. తర్వాతి గర్భంలో మాయ కిందికి ఉంటే అది పాత కుట్టులోకి పాతుకుపోవచ్చు. అలా మాయ కిందికి ఉన్నవాళ్లని అమెరికాలో పెద్ద ఎత్తున పరిశీలిస్తే, పాత కుట్టు లేకుండా అదే మొదటి సిజేరియన్ అయినవాళ్లలో 3 శాతం మందికి, రెండో సిజేరియన్‌లో 11 శాతం మందికి, మూడోదాంట్లో 40 శాతం మందికి మాయ గర్భసంచి గోడలోకి పాతుకుపోయి ఉంది. అప్పుడు గర్భసంచే తీసేయాల్సి రావచ్చు.

కాబట్టి మీరూ మీ ఆయనా కూర్చుని మాట్లాడుకోవాల్సింది ఇది: ఇంకా ఎంతమంది పిల్లలు? ఇద్దరితో ఆపుదామని మేము గట్టిగా అనుకున్నాం, కాబట్టి రెండో కోత మాకు ఒప్పుకోదగ్గ బరువే. ముగ్గురు కావాలనుకునేవాళ్లకి, లేదా "చూద్దాంలే" అనుకునేవాళ్లకి, మొదటి కారణం ఎదురుకాళ్ల లాంటిదైతే నార్మల్‌కి ప్రయత్నించమనే నేను చెప్తాను.

పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ కూడా అప్పుడే చేసేస్తారు కాబట్టి దాని గురించీ ముందే తేల్చుకోండి. టేబుల్ మీద, మత్తు ఎక్కాక, "అది కూడా చేసేద్దామా అమ్మా" అని అడిగితే ఆలోచించే స్థితి ఉండదు. సందేహం ఉంటే కాపర్ టీ అప్పుడే వేయించుకోవచ్చు. మగవాళ్ల ఆపరేషన్ ఆడవాళ్ల ఆపరేషన్ కంటే చిన్నది, దాని మాట మన ఇళ్లలో ఎత్తేవాళ్లే లేరు. నేను ఎత్తాను.

ముహూర్తం

మా మామయ్యగారు పంతులుగారి దగ్గర నుంచి ఒక చీటీ తెచ్చారు. తెల్లవారుజామున నాలుగింటికి దివ్యమైన లగ్నం. లెక్క వేస్తే ఆ రోజుకి నాకు 37 వారాల 4 రోజులు. ఆయన మీద నాకు చాలా గౌరవం, మనవడి మేలు కోరే తెచ్చారు. అందుకే వాదించకుండా ఆయన్నే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాను.

నొప్పులు పడినప్పుడు బిడ్డ ఊపిరితిత్తుల్లో ఉండే నీరు ఇంకిపోవడం మొదలవుతుంది. నొప్పుల్లేకుండా కోసి తీస్తే ఆ నీరు కొంత మిగిలి, బిడ్డ రొప్పుతుంది. 39 వారాలు నిండాక తీస్తే ఇలా ఊపిరి ఇబ్బంది వచ్చేది వందలో నలుగురైదుగురికి. నార్మల్‌కి ప్రయత్నించినవాళ్లలో ఇద్దరు ముగ్గురికి. వారం ముందు తీస్తే పెరుగుతుంది, రెండు వారాలు ముందు తీస్తే ఇంకా పెరుగుతుంది. డాక్టర్ ఇదంతా చెప్పి, "39 నిండాక ఏ రోజైనా, పొద్దున ఎనిమిదికీ మధ్యాహ్నం ఒంటిగంటకీ మధ్య మంచి టైము చూడమనండి నాన్నా" అన్నారు. పంతులుగారు చూశారు. తొమ్మిదీ పదికి దొరికింది. పెద్దవాళ్లతో ఈ మాట నడపడానికి నాకు తెలిసిన పద్ధతి ఇదే: ముహూర్తం వద్దనకండి, ఎప్పటి నుంచి ఎప్పటి లోపు చూడాలో మీరు చెప్పండి.

ఆ రోజు

ముందు రాత్రి నుంచి తిండి లేదు. పొద్దున పాప నిద్ర లేవకముందే బయల్దేరాను, లేస్తే వెళ్లలేనని.

థియేటర్‌లో బల్ల అంచున కూర్చోబెట్టి, దిండు కావలించుకుని, గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా వంచమన్నారు. నిండు కడుపుతో వంగడం ఆ రోజు మొత్తంలో నాకు అన్నిటికంటే కష్టమైన పని. స్పిరిట్ చల్లదనం, ఒక పోటు, తర్వాత కాళ్లలోకి వెచ్చగా పాకి ఇసుకమూటల్లా బరువెక్కిపోయాయి. మత్తు డాక్టర్ తడి దూదితో పొట్ట మీద రాస్తూ "చల్లగా తెలుస్తుందా" అని అడుగుతూ పైకి వచ్చారు. కళ్లు తిరిగి వాంతి వచ్చేట్టు అయింది. బీపీ పడిపోతే అలా ఉంటుందట. చెప్పగానే ఇంజెక్షన్ ఇచ్చారు, నిమిషంలో సర్దుకుంది. మీకూ అలా అనిపిస్తే ఓర్చుకోకండి, చెప్పండి.

నొప్పి లేదు. కానీ ఏమీ తెలియదని చెప్తే అబద్ధం. పచ్చడి జాడీలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగున ఉన్నది తీస్తున్నట్టు లోపల కదలిక, లాగుడు అన్నీ తెలుస్తాయి. మొదటిసారి నిమిషాల్లో తీసేశారు. ఈసారి మూత్రసంచి గర్భసంచికి అతుక్కుని ఉందని, నెమ్మదిగా విడదీస్తున్నామని డాక్టర్ తెర అవతల నుంచి చెప్తూనే ఉన్నారు. ఆ చెప్పడం నన్ను నిలబెట్టింది. పోయినసారి తెర అవతల ఏం జరుగుతుందో ఒక్కరూ చెప్పలేదు.

బాబు ఏడుపు వినిపించింది. చెంపకి చెంప ఆనించారు, తడిగా, వెచ్చగా. పుట్టగానే గుండెల మీద పడుకోబెట్టమని ముందే అడిగాను, వాళ్లూ సరేనన్నారు. కానీ వాడు రొప్పుతున్నాడని పిల్లల డాక్టర్ తీసుకెళ్లారు. 39 వారాలు నిండినా ఆ నలుగురైదుగురిలో మా వాడొకడు. నాలుగు గంటల్లో కుదుటపడ్డాడు. ఆ నాలుగు గంటలూ నేను ఒళ్లంతా వణుకుతూ రెండు దుప్పట్ల కింద ఉన్నాను. సిస్టర్ వచ్చి ముర్రుపాలు చేత్తో పిండించి గిన్నెలో పట్టుకెళ్లి స్పూన్‌తో పట్టింది. ఆపరేషన్ అయితే పాలు పడవు, డబ్బా పాలు తేవాల్సిందే అనే మాట నమ్మకండి. ఆలస్యం కావచ్చు, పడతాయి.

తర్వాత ఆరు వారాలు

దగ్గాలన్నా, నవ్వాలన్నా కుట్టు మీద దిండు అదిమిపెట్టుకోండి. పక్కకి తిరిగి మోచెయ్యి మీద బరువు వేసి లేవండి, వెల్లకిలా నుంచి ఒక్కసారిగా లేవకండి. వీలైనంత తొందరగా నడవండి, కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఉండటానికి అది అవసరం. పచ్చి బాలింతకి నీళ్లు ఎక్కువ ఇస్తే కుట్లు చీము పడతాయని మా అమ్మ గ్లాసుతో కొలిచి ఇచ్చింది. డాక్టర్ తననే పిలిచి నీళ్లు, పప్పు, కూరలు, గుడ్లు అన్నీ పెట్టమని చెప్పాక మారింది. మలబద్ధకంతో ముక్కడం కొత్త కుట్టుకి మంచిది కాదు. జ్వరం, కుట్టు దగ్గర చీము, ఒక కాలే వాచి నొప్పి పెట్టడం, గంటకో ప్యాడ్ తడిసిపోవడం ఉంటే తెల్లారేదాకా ఆగకుండా వెళ్లాలి.

అన్నిటికంటే నాకు కష్టమైంది మా పాప. "ఎత్తుకో" అని చేతులు చాచి నిలబడేది. పుట్టిన బిడ్డ కంటే బరువైంది ఏదీ ఎత్తొద్దన్నారు. చాప వేసుకుని గోడకి ఆనుకుని కూర్చుని, తనంతట తనే పక్క నుంచి ఒళ్లోకి ఎక్కేట్టు నేర్పాను. నార్మల్‌కీ ఆపరేషన్‌కీ తేడా అడిగితే నేను ముందు చెప్పేది ఇదే.

పక్కింటావిడ "నొప్పులు పడకుండా కన్నావు, అదృష్టవంతురాలివి" అంది. ఆ మాట విని మీరెవరూ చిన్నబుచ్చుకోకండి. పొర తర్వాత పొర కోసి కుట్టిన ఒంటితో రాత్రంతా లేచి పాలివ్వడం ఊరికే అయ్యే పని కాదు.

రెండింటికీ మధ్య ఒకటి

39 నుంచి 40 వారాల మధ్య ఆపరేషన్‌కి తేదీ పెట్టుకుని, ఈలోపు నొప్పులు వాటంతట అవి వస్తే నార్మల్‌కి ప్రయత్నిస్తామని ఒప్పుకోవడం. నొప్పుల కోసం మందులు ఉండవు, తేదీ దాటడం ఉండదు. వదిన అనుకున్నది ఇదే, తేదీకి మూడు రోజుల ముందు నొప్పులొచ్చాయి. మీరు ఆపరేషనే అనుకున్నా సరే, ముందే నొప్పులొస్తే ఏం చేయాలో ఫైల్ మీద రాయించుకోండి. 39 వారాలకి తేదీ పెట్టుకున్న పదిమందిలో ఒకరికి దాకా అలా జరుగుతుంది.

ప్రయత్నించనిచ్చే ఆసుపత్రి దొరకడం మన దగ్గర తేలిక కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే, దేశం మొత్తం మీద 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. కాబట్టి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి, మెడికల్ కాలేజీ ఆసుపత్రి దగ్గర్లో ఉంటే అక్కడా అడగండి. "మీ దగ్గర పోయిన ఏడాది సిజేరియన్ తర్వాత నార్మల్ ఎంతమందికి అయింది" అంటే జవాబు ఎలా వస్తుందో దాన్నిబట్టే చాలా తెలుస్తుంది.

నా కొత్త డిశ్చార్జ్ సమ్మరీ ఈసారి చదివాకే ఆసుపత్రి నుంచి బయటికొచ్చాను. అతుకులున్న సంగతి, మూత్రసంచిని విడదీసిన సంగతి, కోత అడ్డంగానే పెట్టిన సంగతి అందులో రాసి ఉన్నాయి. "అతుకులు" అన్నది మొదట రాయలేదు, అడిగితే కలిపి ఇచ్చారు. ఫోటో తీసి మా ఆయన ఫోన్‌లో, వదిన ఫోన్‌లో పెట్టాను. అసలు కాగితం ఇప్పుడు సూట్‌కేసులో లేదు, ఆధార్ కార్డులతో పాటే ఉంది.